పాత కారు ఇంజన్‌కు సరిగ్గా సరిపోయే సిలిండర్ హెడ్ వెతికి పట్టుకోవడం ఎలా?

"హెడ్ పగిలింది. ఫలానా మోడల్ హెడ్ దొరుకుతోంది, పడుతుందా?" పాత కార్లు బాగు చేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సిలిండర్లున్న ఇంజన్ బ్లాక్ మీద మూతలా కూర్చునేదే హెడ్. బోల్టు రంధ్రాలు కలిశాయి కాబట్టి పడుతుందనుకుని కొనేసినవాళ్లూ చాలామంది ఉన్నారు. బోల్టులు కలవడం మొదటి పరీక్ష మాత్రమే. నీళ్లు, నూనె, పిస్టన్, వాల్వులు, మ్యానిఫోల్డ్‌లు (గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే గొట్టాలు) అన్నీ కలిస్తేనే ఆ హెడ్ మీ ఇంజన్‌ది.

అందుకే వెతకడం కంటే ముందు కొలవడం ఉండాలి. కింది వరుస తప్పకుండా వెళ్లండి.

1. పాత హెడ్ నిజంగా పోయిందా?

ఇంకో హెడ్ కోసం పరుగెత్తే ముందు మీ హెడ్‌ను మెషీన్ షాపులో పూర్తిగా కడిగించి, ప్రెషర్ టెస్ట్ (నీళ్ల దారుల్లో ఒత్తిడి పెట్టి లీకు చూడటం) చేయించండి. మసి, గ్రీజు ఉండగా చూస్తే చిన్న గీత కూడా పగులులా కనిపిస్తుంది, అసలు పగులు కనిపించకుండా పోతుంది.

ఇనుప హెడ్‌లో పగులు ఎక్కువగా రెండు వాల్వ్ సీట్ల మధ్య వస్తుంది. దాన్ని చాలాసార్లు మెటల్ స్టిచింగ్‌తో (పగులు వెంబడి లోహపు పిన్నులు బిగించే పద్ధతి) కుట్టవచ్చు. అల్యూమినియం హెడ్‌ను అనుభవం ఉన్న వెల్డర్ నింపగలడు. నీళ్ల రంధ్రాల చుట్టూ తుప్పు తిన్న అంచులను కూడా వెల్డింగ్‌తో నింపి ఫేసింగ్ కొట్టవచ్చు (అంటే ముఖాన్ని మెషీన్ మీద చదును చేయవచ్చు). మీ సొంత హెడ్ బాగుపడితే దాన్ని మించినది లేదు, ఎందుకంటే అది మీ ఇంజన్‌కు పడుతుందని ముందే తెలుసు.

వదిలేయాల్సిన సందర్భాలు:

- ఇంకొంచెం ఫేసింగ్ కొడితే మందం మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలత కంటే తగ్గిపోతుంది
- రెండు మూడు సిలిండర్ల దగ్గర పగుళ్లు ఉన్నాయి, లేదా పగులు పోర్టు (హెడ్‌లో గాలి లేదా పొగ వెళ్లే దారి) లోపలికి దిగింది
- క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ) హెడ్‌లోనే తిరిగే ఇంజన్ అయితే, ఆ బేరింగ్ గుంతలు అరిగిపోయి వరుస తప్పాయి

పోయిందని తేలినా పాత హెడ్‌ను తుక్కుకు వేయకండి. ఇకపై మీకు అసలైన కొలబద్ద అదే.

2. మీ దగ్గరున్న ఇంజన్ ఏదో తేల్చుకోండి

కారు వయసు 50 ఏళ్లయితే ఈలోపు ఇంజన్ మారి ఉండొచ్చు. బ్లాక్ ఒక ఏడాదిది, హెడ్ ఇంకో ఏడాదిది కావచ్చు. కాబట్టి కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి హెడ్ అడగకండి. బ్లాక్‌ను చూసి అడగండి.

మూడు నంబర్లు వేర్వేరుగా రాసుకోండి: బ్లాక్ మీద కొట్టిన ఇంజన్ నంబర్, బ్లాక్ కాస్టింగ్ నంబర్, పాత హెడ్ కాస్టింగ్ నంబర్. కొన్ని ఇంజన్లలో హెడ్ నంబర్ వాల్వ్ కవర్ తీస్తేనే కనిపిస్తుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, పైన సుద్దముక్క అడ్డంగా రాయండి. ఉబ్బెత్తు అంకెల మీద తెల్లగా అంటుకుని, 3 ఏదో 8 ఏదో స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు ఫొటో తీయండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. కాస్టింగ్ నంబర్, పార్ట్ నంబర్ ఒకటి కావు. కాస్టింగ్ నంబర్ చెప్పేది పోత పోసిన ముద్ద గురించి మాత్రమే. అదే ముద్దను ఒకచోట చిన్న వాల్వులకు, ఇంకోచోట పెద్ద వాల్వులకు మెషీన్ చేసి ఉండొచ్చు. నంబర్ కలిసిందని కొలవడం మానకండి.

బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా మీరే కొలవండి. ఎప్పుడో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి ఉంటే తర్వాత వచ్చే లెక్క మారుతుంది.

3. హెడ్ గాస్కెట్‌తో అచ్చు తీసుకోండి

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్నే. మీ బ్లాక్‌కు సరైన కొత్త హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య లీకు కాకుండా వేసే పల్చటి పొర) ఒకటి ముందే కొనండి. హెడ్ దొరకకపోయినా ఆ ఖర్చు వృథా పోదు.

గాస్కెట్‌ను శుభ్రం చేసిన బ్లాక్ మీద పరిచి, ఏ రంధ్రం దేనికో చూడండి. నాలుగైదు రకాలు ఉంటాయి: బోల్టులవి, నీళ్లవి, నూనెవి, పుష్‌రాడ్‌లవి (కింది క్యామ్ నుంచి రాకర్లను నెట్టే సన్నటి కడ్డీలు), సిలిండర్ బోరువి. బ్లాక్‌లో నీళ్ల రంధ్రం పెద్దగా ఉండి గాస్కెట్‌లో చిన్నగా ఉంటే కంగారు పడకండి. నీళ్లు ముందు సిలిండర్ల దగ్గరే పైకి వెళ్లిపోకుండా, వెనక సిలిండర్ దాకా చేరేలా కావాలనే అలా చేస్తారు. దాన్ని ఎప్పుడూ కత్తిరించి పెద్దది చేయొద్దు.

ఇప్పుడు మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని గాస్కెట్ మీద పరచండి. ప్రతి రంధ్రం అంచునూ మార్కర్‌తో గీయండి. నీళ్లవి నీలం, నూనెవి ఎరుపు, బోల్టులవి నలుపు. "ముందు" అని ఒక చివర రాయండి. గీసిన వైపు "బ్లాక్ మీద పైకి" అని కూడా రాయండి. ఇది చాలా ముఖ్యం: హెడ్‌ను బోర్లించి చూసినప్పుడు దాని ముఖం మీ గీతకు అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. అందుకే షీటును తిరగేసి పెట్టాలి. పారదర్శక షీటు అయితే అలా తిరగేసినా గీతలు కనిపిస్తాయి. అట్ట మీద గీసుకుంటే ఇక్కడే తికమకపడతారు.

ఒకసారి నేను చూసిన హెడ్‌కు బోల్టు రంధ్రాలన్నీ కలిశాయి, నీళ్లవీ కలిశాయి. షీటులో మిగిలిన ఒకే ఒక్క ఎర్ర చుక్క కింద మాత్రం గట్టి ఇనుము ఉంది. రాకర్ షాఫ్ట్‌కు (వాల్వులను నొక్కే రాకర్లు ఉండే కడ్డీకి) నూనె ఎక్కే దారి ఆ హెడ్‌లో వేరే స్టడ్ పక్కన ఉంది. అలాగే బిగించి ఉంటే ఇంజన్ చక్కగానే స్టార్ట్ అయ్యేది. రాకర్లు మాత్రం నూనె అందక కొద్దిరోజుల్లోనే అరిగిపోయేవి. చుక్కంత రంధ్రం అది. షీటు చేతిలో లేకపోతే నా కంటికి ఆనేది కాదు.

షీటు పెట్టి చూడాల్సినవి:

- ప్రతి బోల్టు రంధ్రం కేంద్రం కలిసిందా
- ప్రతి ఎర్ర చుక్క కింద నూనె దారి ఉందా
- గాస్కెట్ మూయలేని చోట హెడ్‌లో అదనపు రంధ్రం ఉందా
- బోరు వలయం లోపలే కంబషన్ చాంబర్ (పెట్రోలు మండే గుంత) మొత్తం ఇమిడిందా
- పుష్‌రాడ్ దారులు సరిపోయాయా

4. పాత హెడ్ కొలతల చిట్టా

ఒక కాగితం మీద రాసి ఫోన్‌లోనూ ఉంచుకోండి. హెడ్ చూడ్డానికి వెళ్లినప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.

- హెడ్ మందం: గాస్కెట్ ముఖం నుంచి వాల్వ్ కవర్ ముఖం దాకా, నాలుగు మూలల్లో
- ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల తల వ్యాసం, కాడ మందం
- స్టడ్ లేదా బోల్టు వ్యాసం, పొడవు, మరల రకం
- పోర్టుల సంఖ్య, ఆకారం, మధ్య దూరం
- మ్యానిఫోల్డ్ స్టడ్ల స్థానం
- రాకర్ స్టాండ్ల ఎత్తు, పుష్‌రాడ్ పొడవు
- థర్మోస్టాట్, హీటర్ పైపు, టెంపరేచర్ సెన్సర్ రంధ్రాలు
- హెడ్ చివరల్లో డైనమో, పంపు బ్రాకెట్ల బోల్టు రంధ్రాలు
- స్పార్క్ ప్లగ్ మర వ్యాసం, మర పొడవు, సీటు చదునుదా ఏటవాలుదా

చివరిది చిన్న విషయం అనుకోకండి. పాత ఇంజన్లలో 12.7 మి.మీ., 19 మి.మీ. మర ఉన్న ప్లగ్గులు రెండూ కనిపిస్తాయి. పొట్టి మర ఉండాల్సిన హెడ్‌లో పొడుగు ప్లగ్ వేస్తే పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.

5. కంప్రెషన్ లెక్క మీరే వేయండి

హెడ్ మారితే కంబషన్ చాంబర్ ఘనపరిమాణం మారుతుంది. దాంతో కంప్రెషన్ (సిలిండర్‌లోని గాలి, పెట్రోలు మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుపోతుందో) మారుతుంది. వ్యాన్లకు, మామూలు పెట్రోలుకు తక్కువ కంప్రెషన్ హెడ్, స్పోర్ట్స్ మోడల్‌కు ఎక్కువ కంప్రెషన్ హెడ్ ఇవ్వడం అప్పటి కంపెనీలకు అలవాటు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

*చాంబర్ కొలిచే పద్ధతి*

1. వాల్వులు, స్ప్రింగులు, ప్లగ్ బిగించి ఉంచండి. వాల్వ్ సీటు అంచుకు కాస్త గ్రీజు రాయండి.
2. హెడ్‌ను బోర్లించి కాస్త ఏటవాలుగా పెట్టండి.
3. చిన్న రంధ్రం చేసిన మందపాటి యాక్రిలిక్ పలకను గ్రీజుతో చాంబర్ మీద అతికించండి. రంధ్రం పైవైపు అంచున ఉండాలి, అప్పుడే గాలి బుడగ బయటికి పోతుంది.
4. రంగు కలిపిన కిరోసిన్‌ను కొలతలున్న సిరంజి లేదా బ్యూరెట్‌తో నింపండి. పలక కింద బుడగ లేకుండా నిండాక ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోండి.
5. అన్ని చాంబర్లూ కొలవండి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపిస్తే ఆ హెడ్‌కు గతంలో వంకరగా ఫేసింగ్ కొట్టారేమో, సీట్లు ఎక్కువ లోతుకు కోశారేమో చూడండి.

*లెక్క*

ఉదాహరణకు బోరు 80 మి.మీ., స్ట్రోకు 80 మి.మీ. ఉన్న ఇంజన్. ఒక్కో సిలిండర్ 402 సీసీ. పాత చాంబర్ 43 సీసీ. 1 మి.మీ. మందం, 82 మి.మీ. వలయం ఉన్న గాస్కెట్ 5.3 సీసీ. చదును పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖానికి 0.5 మి.మీ. కింద ఆగితే అక్కడ ఇంకో 2.5 సీసీ. మొత్తం 50.8 సీసీ.

402కు 50.8 కలిపి, వచ్చిన దాన్ని 50.8తో భాగిస్తే 8.9. అంటే కంప్రెషన్ 8.9:1.

అదే ఇంజన్ మీద చాంబర్ 36 సీసీ ఉన్న హెడ్ పెడితే మొత్తం 43.8 సీసీ అవుతుంది. కంప్రెషన్ 10.2:1కు ఎగబాకుతుంది. తేడా 7 సీసీలే, ఒకటిన్నర చెంచా. కానీ పాత పిస్టన్లు, పాత ఇగ్నిషన్ టైమింగ్‌తో ఆ ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనే చప్పుడు) మొదలుపెట్టవచ్చు.

గాస్కెట్ మందాన్ని ఈ లెక్కలో ఎప్పుడూ మరవొద్దు. రోవర్ వి8 దీనికి మంచి ఉదాహరణ. పాత హెడ్లు పల్చటి రేకు గాస్కెట్‌తో వచ్చేవి, చాంబర్ సుమారు 36 సీసీ. తర్వాత మందపాటి కాంపోజిట్ గాస్కెట్ వచ్చాక చాంబర్‌ను సుమారు 28 సీసీకి తగ్గించారు. కొత్త తరం హెడ్‌కు పాత రేకు గాస్కెట్ వేస్తే కంప్రెషన్ పెరిగిపోతుంది. పాత హెడ్‌కు మందపాటి గాస్కెట్ వేస్తే ఇంజన్ నీరసిస్తుంది.

6. ఒకే కుటుంబం, వేర్వేరు హెడ్లు

"అదే సిరీస్ ఇంజన్ కదా" అనే మాట విన్నప్పుడల్లా జాగ్రత్తపడండి.

మినీ కార్లలో వచ్చిన బీఎంసీ ఎ-సిరీస్‌లో 1275 సీసీ ఇంజన్ల 12జి940 హెడ్‌ను 998 సీసీ బ్లాక్ మీద పెట్టేవాళ్లు చాలామంది. బోల్టులు కలుస్తాయి. కానీ 998 బోరు సుమారు 64.6 మి.మీ. మాత్రమే, 1275ది 70.6 మి.మీ. పెద్ద ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు బ్లాక్ అంచుకు కొట్టుకోవచ్చు. బ్లాక్‌లో గుంత కోయించాలి, లేదా వాల్వులను లోతుకు దించాలి. పైగా మినీ కూపర్ ఎస్ 1275 హెడ్‌కు 11 చోట్ల బిగింపు ఉంటే, మామూలు హెడ్లకు 9 చోట్లే.

ఫోర్డ్ కెంట్ ఇంజన్‌కు 1967లో క్రాస్‌ఫ్లో హెడ్ (గాలి ఒకవైపు నుంచి వచ్చి పొగ రెండోవైపు పోయేది) వచ్చింది. వాటిలో చాలావాటికి కంబషన్ చాంబర్ హెడ్‌లో ఉండదు, పిస్టన్ తలలోనే గిన్నెలా ఉంటుంది. హెడ్ ముఖం చదును. పిస్టన్లు మార్చకుండా పాత కెంట్ మీద ఈ హెడ్ పెట్టాలని చూడటం దండగ.

షెవర్లే స్మాల్‌బ్లాక్‌లో హెడ్లు ఎక్కువగా అటూ ఇటూ మారతాయి, అందుకే అజాగ్రత్త కూడా ఎక్కువే. చాంబర్ 64 సీసీ ఉన్నవీ ఉన్నాయి, 76 సీసీవీ ఉన్నాయి. 400 క్యూబిక్ ఇంచుల బ్లాక్‌లో సిలిండర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆవిరి పోయే చిన్న రంధ్రాలు కావాలి. మామూలు 350 హెడ్ పెట్టాలంటే వాటిని డ్రిల్ చేయించాలి. పాత హెడ్లలో చివర బ్రాకెట్ రంధ్రాలు ఉండవు. 1987 నుంచి వచ్చిన చాలా ఇనుప హెడ్లలో వాల్వ్ కవర్ బోల్టులు అంచు నుంచి మధ్యకు మారాయి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మధ్య బోల్టుల కోణమూ మారింది.

ఫోర్డ్ 302, 351 విండ్సర్ హెడ్ల మధ్య తేడా బోల్టు మందంలో ఉంది: 302కు 7/16 అంగుళం, 351కు 1/2 అంగుళం. 351 హెడ్‌ను 302 మీద పెడితే బోల్టు రంధ్రంలో వదులు మిగులుతుంది. దానికి తగిన బుష్ లేదా ప్రత్యేక వాషర్ వేయాలి.

మీ ఇంజన్ ఇందులో లేకపోయినా ఇబ్బంది లేదు. తేడాలు వచ్చే చోట్లు ఇవే.

7. ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

మొదట ఆ కారు యజమానుల క్లబ్బులను అడగండి. అక్కడ స్పేర్ హెడ్ గ్యారేజీలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తర్వాత పాత ఇంజన్లు బాగుచేసే మెషీన్ షాపులు. ఎవరో ఇచ్చి తీసుకెళ్లని హెడ్లు వాళ్ల అరల్లో ఉంటాయి. ఆ తర్వాత తుక్కు కార్ల యార్డులు. అదే ఇంజన్ వ్యాన్లు, బోట్లు, జనరేటర్లలో వాడారేమో కూడా చూడండి. కాకపోతే వాటి కంప్రెషన్, నీళ్ల దారులు వేరుగా ఉండొచ్చు.

డబ్బు ఇచ్చే ముందు ఈ ఫొటోలు అడగండి:

- కాస్టింగ్ నంబర్, దగ్గరగా
- గాస్కెట్ ముఖం మొత్తం, నిటారుగా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి
- ప్రతి చాంబర్, వాల్వ్ సీట్ల మధ్య భాగం కనిపించేలా
- రెండు వైపుల పోర్టులు
- పైభాగం, రాకర్లు తీసి
- రెండు చివరలు

ఫోన్‌లో అడగాల్సినవి: ఏ ఇంజన్ నుంచి తీశారు, ఎందుకు తీశారు, ఎన్నిసార్లు ఫేసింగ్ కొట్టారు, మందం ఇప్పుడెంత, ప్రెషర్ టెస్ట్‌లో ఫెయిలైతే వెనక్కి తీసుకుంటారా. చివరి ప్రశ్నకు అవునన్నవాళ్ల హెడ్‌కు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

వి ఇంజన్ అయితే కుడి, ఎడమ హెడ్లు వేరా ఒకటేనా కనుక్కోండి. రెండూ మార్చాల్సి వస్తే ఒకే కాస్టింగ్ జత కొనండి.

పార్సిల్‌లో వస్తుంటే స్టడ్లు తీయించండి. గాస్కెట్ ముఖానికి ప్లైవుడ్ పలక బోల్టు చేసి పంపమనండి. అట్టపెట్టెలో దొర్లుతూ వచ్చిన హెడ్ మీద పడ్డ ఒక్క దెబ్బ చాలు, ఫేసింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది.

8. చేతికి వచ్చాక: పరీక్షల వరుస

1. ముందు కడిగించండి. కాస్టిక్ సోడా ట్యాంకు ఇనుప హెడ్లకే. అల్యూమినియం హెడ్‌ను అందులో ముంచితే లోహం తినేస్తుంది.
2. పగుళ్ల పరీక్ష: ఇనుముకు మాగ్నెటిక్ పద్ధతి, అల్యూమినియానికి రంగు ద్రవం పద్ధతి.
3. ప్రెషర్ టెస్ట్, వేడి నీళ్లలో అయితే మేలు. చల్లగా ఉన్నప్పుడు మూసుకునే పగుళ్లు వేడికి తెరుచుకుంటాయి.
4. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో వంపు: పొడవునా, అడ్డంగా, రెండు మూలల ఐమూలగా. 150 మి.మీ. దూరంలో 0.05 మి.మీ., మొత్తం మీద 0.1 మి.మీ. దాటితే ఫేసింగ్ అవసరమని సాధారణ లెక్క. మీ మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి.
5. గైడ్లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు) అరిగాయేమో: వాల్వును కాస్త పైకెత్తి పక్కలకు ఊపండి.
6. ఆ తర్వాతే మెషీన్ పని.

చాలామంది ముందు ఫేసింగ్ కొట్టించి, తర్వాత పగులు చూసుకుంటారు. మెషీన్ ఖర్చంతా పోతుంది.

క్యామ్ పైన ఉండే అల్యూమినియం హెడ్ వంగితే, కింది ముఖం ఫేసింగ్ కొట్టినంత మాత్రాన సరిపోదు. పైన క్యామ్ బేరింగుల వరుస కూడా వంగి ఉంటుంది. క్యామ్‌ను బేరింగుల్లో పెట్టి వేళ్లతో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే ముందు హెడ్‌ను వేడి చేసి తిన్నగా చేయించాలి.

లెడ్ లేని పెట్రోలు వాడతారు కాబట్టి, పాత ఇనుప హెడ్‌లో గట్టి ఎగ్జాస్ట్ సీట్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే వేయించండి. లేదంటే వాల్వ్ మెల్లగా సీటులోకి దిగిపోయి, టాపెట్ గ్యాప్ (రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య సందు) మాటిమాటికీ తగ్గుతుంటుంది.

9. ఉత్తుత్తి బిగింపు

అసలు బిగింపుకు ముందు ఒకసారి పాత గాస్కెట్‌తో తేలిగ్గా బిగించి చూడండి.

పిస్టన్ తల మీద వాల్వులు వచ్చే చోట మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టండి, పైన కొద్దిగా నూనె రాయండి. హెడ్ పెట్టి, టాపెట్లు సరిచేసి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకండి. హెడ్ తీసి, నొక్కుకుపోయిన మట్టిని బ్లేడుతో కోసి, అతి పల్చటి చోట కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. మిగిలితే నిశ్చింత. పాత గాస్కెట్ నలిగి పల్చబడి ఉంటుంది కాబట్టి ఆ తేడానూ లెక్కలో వేసుకోండి.

ఇవి కూడా చూసుకోండి:

- బోల్టు కొస బ్లాక్ రంధ్రం అడుగుకు తగులుతోందా
- రాకర్ కొస వాల్వ్ కాడ మధ్యలో నొక్కుతోందా, అంచునా
- పుష్‌రాడ్ హెడ్‌కు రాసుకుంటోందా
- మ్యానిఫోల్డ్‌లు బలవంతం లేకుండా కూర్చుంటున్నాయా
- బానెట్, ఎయిర్ ఫిల్టర్ తగలకుండా ఉన్నాయా

10. తరచూ జరిగే తప్పులు, వాటి విరుగుడు

*పుష్‌రాడ్ పొడవు మార్చకపోవడం.* హెడ్ పల్చబడితే రాకర్ కోణం మారుతుంది. పొట్టి పుష్‌రాడ్లు వేయాలి, లేదా రాకర్ స్టాండ్ల కింద షిమ్‌లు పెట్టాలి.

*పైన క్యామ్ ఉన్న ఇంజన్‌లో టైమింగ్ వదిలేయడం.* హెడ్ పల్చబడితే క్యామ్ కిందికి దిగి, వాల్వ్ టైమింగ్ కాస్త వెనకబడుతుంది. మందపాటి గాస్కెట్ గానీ, సర్దుబాటు చేయగల స్ప్రాకెట్ గానీ వాడండి.

*బోల్టు రంధ్రాల్లో నూనె, నీళ్లు ఉండగా బిగించడం.* అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవానికి పోయే దారి ఉండదు, ఒత్తిడికి బ్లాక్ పగలవచ్చు. ట్యాప్‌తో మరలు శుభ్రం చేసి, గాలి కొట్టి ఆరబెట్టండి.

*పోర్టులు కలవకపోయినా పట్టించుకోకపోవడం.* మ్యానిఫోల్డ్ గాస్కెట్‌ను రెండు వైపులా పెట్టి అంచు గీయండి. గాలి దారిలో మెట్టు అడ్డొస్తే దాన్ని మాత్రమే నునుపు చేయించండి.

*వరుస తప్పి బిగించడం.* మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన దశల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. గాస్కెట్ తయారీదారు మళ్లీ బిగించమంటే, ఇంజన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక ఆ పని చేసి టాపెట్లు మళ్లీ చూడండి.

ఇంజన్ తిరిగాక మొదటి వారం రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ నీటి మట్టం, ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. నీళ్లు తగ్గుతుంటే లేదా ఆయిల్ పాలరంగుకు తిరిగితే ఆ రోజు కారు తీయొద్దు.

పాత హెడ్‌కు నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టండి. కాస్టింగ్ నంబర్, మందం, చాంబర్ సీసీ రాసిన చీటీని వైరుతో దానికే కట్టండి. మీరు గీసిన ప్లాస్టిక్ షీటును కూడా చుట్టగా చుట్టి దాని పక్కనే ఉంచండి.